ఇక్కడ రాసే కాగితం అక్కడ చదువుతారు

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహా

ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు గురించి: అమెరికా సంబంధం, రెండేళ్ల గ్రీన్ కార్డు, హింసించే భర్త, మధ్యలో విడాకులు. పేర్లు తీసేసి ప్రశ్నలను క్లుప్తంగా ఇస్తున్నాం.

ముందు ఒక మాట. పెళ్లయి రెండేళ్లు నిండకముందే భర్త స్పాన్సర్ చేయగా గ్రీన్ కార్డు వస్తే పదేళ్ల కార్డు ఇవ్వరు, రెండేళ్లదే ఇస్తారు. దాన్నే కండిషనల్ గ్రీన్ కార్డు అంటారు. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. దీన్ని అడ్డం పెట్టుకుని భార్యల మెడలు వంచే భర్తలు బయల్దేరాక, 1990లో హింసకు గురైనవాళ్లకు విడిగా దారి పెట్టారు. మీ కార్డు మీద కేటగిరీ అన్నచోట చూడండి. సీఆర్1 అని ఉంటే ఇక్కడి నుంచి ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్లినవారు, సీఆర్6 అని ఉంటే అక్కడ ఉండగానే మార్చుకున్నవారు. ఈ రెండూ షరతు కార్డులే. ఐఆర్1, ఐఆర్6 అని ఉంటే షరతు లేదు. ఉత్తరాలు రాసినవారంతా ఆడపిల్లల తరఫువారే కాబట్టి "ఆమె" అని రాస్తున్నాం. భార్య చేతిలో దెబ్బలు తినే మగవారికీ చట్టం ఇదే.

ప్రశ్న: మాది పటమట. ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్నాను. నా కార్డు గడువు నవంబరు 14తో తీరుతుంది. మా ఆయన కొడతాడు. సంతకం పెట్టనని, ఒక్క ఫోన్ చేస్తే నా కార్డు క్యాన్సిల్ అవుతుందని అంటాడు. పదేళ్ల కార్డు వచ్చేదాకా ఎలాగోలా ఓర్చుకోమని అమ్మావాళ్లు అంటున్నారు. విడాకులు తీసుకుంటే వెనక్కి పంపేస్తారా?

జవాబు: పంపేయరమ్మా. మీ ఆయన ఫోన్ చేసినంత మాత్రాన మీ కార్డు రద్దు కాదు. మీకు గ్రీన్ కార్డు రాకముందైతే స్పాన్సర్‌గా ఆయన తన పిటిషన్ వెనక్కి తీసుకోగలిగేవాడు. వచ్చాక ఆ అధికారం ఆయనకు లేదు. పైగా హింసించిన భర్త చెప్పిన మాట ఒక్కదాన్నే ఆధారం చేసుకుని మీకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని, మీరు వేసిన దరఖాస్తు సంగతి అతనికి చెప్పకూడదని అమెరికా చట్టంలోనే ఉంది.

మామూలు పద్ధతిలో భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి, షరతు తీసేసి పదేళ్ల కార్డు ఇవ్వమని గడువుకు ముందున్న 90 రోజుల్లో ఐ-751 ఫారం వేయాలి. మీ లెక్కన ఆగస్టు 16 నుంచి నవంబరు 14 దాకా. ఆ సంతకం లేకుండా ఒంటరిగా వేయడానికి మినహాయింపులున్నాయి. మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసిందన్నది. రెండు, నిజాయితీగా చేసుకున్న పెళ్లిలో భర్త కొట్టాడన్నది, లేదా తీవ్రమైన క్రూరత్వం చూపాడన్నది.

ఈ రెంటికీ తేడా బాగా గుర్తు పెట్టుకోండి. విడాకుల కింద వేస్తే తుది డిక్రీ ఉండాలి. కేసు నడుస్తుండగా వేస్తే డిక్రీ పంపమని ఇమిగ్రేషన్ శాఖ ఉత్తరం రాస్తుంది, సాధారణంగా దానికి 87 రోజులే ఇస్తుంది. ఆలోపు కోర్టు తేల్చకపోతే దరఖాస్తు కొట్టేసే ప్రమాదం ఉంది. హింస కింద వేస్తే విడాకులు అక్కర్లేదు. కేసు వేయకపోయినా, ఇంకా అదే ఇంట్లో ఉంటున్నా వేయొచ్చు. ఈ మినహాయింపులకు 90 రోజుల కిటికీ కూడా లేదు. ఇవాళ వేయొచ్చు, గడువు దాటాకా వేయొచ్చు. దేశం నుంచి పంపేయమని తుది ఉత్తర్వు రాకుండా ఉంటే చాలు.

అలాగని ఆలస్యం చేయకండి. ఏ దరఖాస్తూ లేకుండా నవంబరు 14 దాటితే మీ హోదా దానంతటదే పోతుంది, ఇమిగ్రేషన్ కోర్టుకు రమ్మని నోటీసు వస్తుంది. అప్పుడు కూడా మినహాయింపు అడగొచ్చు గానీ ఉద్యోగం, డ్రైవింగ్ లైసెన్సు, ప్రయాణం అన్నీ ఇరుక్కుంటాయి. సకాలంలో వేస్తే కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తూ రసీదు ఉత్తరం వస్తుంది. పాత కార్డు, ఆ ఉత్తరం కలిపి చూపిస్తే ఉద్యోగం చేసుకోవచ్చు, ప్రయాణం చేయొచ్చు. ఐ-751కి మామూలు ఫీజు 750 డాలర్లు. 2024 ఏప్రిల్ 1న వచ్చిన ఫీజుల పట్టికలో హింస కింద వేసే మినహాయింపుకు ఫీజు తీసేశారు. పంపే రోజున ఫారం ఎడిషన్ తేదీ, ఫీజు పట్టిక మళ్లీ ఒకసారి చూసుకోండి. పాత ఎడిషన్ ఫారం పంపితే లోపలి కాగితాలు చదవకుండానే కవరు తిప్పి పంపుతారు.

ఆ ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తాయన్నది దరఖాస్తు అంత ముఖ్యం. మీ ఆయన తాళంచెవి తిప్పే పోస్టు డబ్బాలో రసీదు పడకూడదు. ఫారంలో ఉత్తరాలకు వేరే చిరునామా ఇవ్వొచ్చు, నమ్మకమైన స్నేహితురాలిదో, లాయరుదో ఇవ్వండి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా తెలపాలి. కొత్త ఈమెయిల్ తెరవండి, ఆయన చేతులు పడని ఫోన్ నుంచి. ఇంట్లో ఫ్యామిలీ లొకేషన్ షేరింగ్ ఉంటే మీరు లాయరు ఆఫీసుకు వెళ్లిన సంగతి మీకంటే ముందు ఆయన ఫోన్‌కే తెలుస్తుంది.

ప్రాణం మీదికి వస్తే 911. మాట్లాడేవాళ్లు కావాలంటే జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, తెలుగు దుబాసీ కావాలని అడగండి. డాలస్‌లో చేత్నా, హ్యూస్టన్‌లో దయ, న్యూజెర్సీలో మానవి, అట్లాంటాలో రక్ష, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలు ఇలాంటి విషయాల్లోనే సాయం చేస్తాయి.

అమ్మావాళ్లతో ఒక్కటే చెప్పండి: పదేళ్ల కార్డు కోసం దెబ్బలు ఓర్చుకోవాల్సిన పని చట్టం పెట్టలేదు. ఓర్చుకుంటే ఆ సంతకం మరికొన్నాళ్లు ఆయన చేతిలో కొరడా అవుతుంది.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట. మా అల్లుడు మా అమ్మాయిని ఎప్పుడూ కొట్టలేదు. కానీ జీతం తన ఖాతాలోకే, ఫోన్ తనిఖీ, రోజూ తిట్లు, ఎవరితోనూ మాట్లాడనివ్వడు. ఒంటి మీద గాయం లేదు, పోలీసు కేసు లేదు. ఇది హింస కిందికి వస్తుందా?

జవాబు: వస్తుంది. "తీవ్రమైన క్రూరత్వం" అన్న మాటకు అక్కడి నిబంధనల్లో బెదిరింపులు, మానసిక హింస, లైంగిక హింస, గదిలో నిర్బంధించడం అన్నీ చేరతాయి. డబ్బు చేతికి ఇవ్వకపోవడం, అయినవాళ్లకు దూరం చేయడం, "పోలీసులకు చెప్తే దేశం నుంచి పంపిస్తా" అని బెదిరించడం, పాస్‌పోర్టు దాచేయడం అన్నీ కలిపి చూస్తారు. పోలీసు రిపోర్టు ఉండి తీరాలని ఎక్కడా లేదు. నమ్మదగిన ఏ ఆధారాన్నయినా పరిశీలించాలన్నదే ప్రమాణం.

అన్నిటికంటే బరువైన కాగితం అమ్మాయి సొంతంగా రాసే వాంగ్మూలం. చాలామంది తప్పు చేసేది దీనిలోనే. "నా భర్త నన్ను శారీరకంగా, మానసికంగా చిత్రహింసలకు గురిచేశాడు" అని రాస్తారు. వెయ్యి దరఖాస్తుల్లో ఇదే వాక్యం ఉంటుంది, చదివే అధికారికి ఏమీ కనపడదు. ఇలా రాయాలి: "ఉగాది మర్నాడు రాత్రి సుమారు తొమ్మిదింటికి నేను అమ్మతో వీడియో కాల్‌లో ఉన్నాను. ఫోన్ లాక్కుని సింకులో నీళ్లలో పడేశాడు. మర్నాడు కొత్త ఫోన్ తెచ్చి అందులో తన నంబరు ఒక్కటే పెట్టాడు. పదకొండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఫోన్ మోగితే చేతులు వణుకుతాయి." ఏ రోజు, ఏ గది, ఏమన్నాడు, తర్వాత తనకేమైంది. తేదీ కచ్చితంగా గుర్తు లేకపోతే పండగ పేరు, వాతావరణం, పిల్లాడి వయసు చెప్పండి, తేదీ మాత్రం కల్పించొద్దు. ఒక్క తప్పు తేదీ పట్టుబడితే మిగతా నిజాల మీదా నీడ పడుతుంది.

దీనికి తోడు మనస్తత్వ నిపుణుల నివేదిక, డాక్టరు చీటీలు, చెల్లెలికి పంపిన మెసేజ్‌లు జత చేయాలి. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో తేదీ, పంపినవారి నంబరు కనపడాలి. పేరు స్థానంలో "డార్లింగ్" అని సేవ్ చేసి ఉంటే, ఆ నంబరు వివరాలు చూపే పేజీ కూడా పక్కన పెట్టండి. వాయిస్ మెసేజ్ అయితే తెలుగులో ఉన్నదున్నట్టు రాసి, కింద ఇంగ్లీషు అనువాదం ఇవ్వాలి. అనువాదకుడు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తి, సరైన అనువాదం" అని రాసి సంతకం, తేదీ పెడితే చాలు. నోటరీ ముద్ర అవసరం లేదు. తిట్లను సున్నితం చేసి అనువదించకండి, ఉన్న బూతు ఉన్నట్టే రావాలి.

హింస ఒక్కటే రుజువు చేస్తే సరిపోదు. పెళ్లి కార్డు కోసం చేసుకున్నది కాదనీ చూపాలి. ఇద్దరి పేరా అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా ఉంటే మంచిది. అన్నీ అతని పేర ఉంటే కంగారు పడొద్దు, అదే నియంత్రణకు సాక్ష్యమని వాంగ్మూలంలో చెప్పాలి. ఇద్దరూ కలిపి పన్ను రిటర్ను వేసి ఉంటే దాని ట్రాన్‌స్క్రిప్ట్ భార్య కూడా 4506-టి ఫారంతో నేరుగా పన్ను శాఖ నుంచి ఉచితంగా తెప్పించుకోవచ్చు. భర్తను అడగాల్సిన పని లేదు. ఇక్కడి నుంచి మీరు పంపగలిగినవి శుభలేఖ, పెళ్లి ఫొటోలు, కల్యాణ మండపం రసీదు, సబ్‌రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం. పసుపుకుంకుమలతో పాటు ఇచ్చిన నగల బిల్లులున్నా పెట్టండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట. పెద్దమనుషులు కూర్చుని పరస్పర అంగీకార విడాకులు ఖాయం చేశారు. అవతలివాళ్ల లాయరు పిటిషన్ రాసి పంపాడు. మా అమ్మాయి అమెరికాలో హింస కింద ఐ-751 వేసింది, ఇంకా తేలలేదు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఆ పిటిషన్ అమెరికా లాయరు చదివేదాకా పెట్టొద్దు. ఈ ఉత్తరం కోసమే ఈ నెల పేజీకి ఆ శీర్షిక పెట్టాం.

హిందూ వివాహ చట్టం 13బి కింద వేసే పిటిషన్లలో మన దగ్గర అలవాటుగా కొన్ని వాక్యాలు పడిపోతాయి. "ఉభయులకు ఒకరిపై ఒకరికి ఎటువంటి ఆరోపణలు లేవు." "స్వభావాలు కలవక విడిగా ఉంటున్నాము." "ఇదివరకు చేసిన ఫిర్యాదులు అపోహల వల్ల చేసినవి." ఇక్కడి కోర్టులో వీటిని ఎవరూ పట్టించుకోరు, కేసు త్వరగా తెగడానికి రాసేవి. కానీ డిక్రీ సర్టిఫైడ్ కాపీ అమెరికా ఫైల్లో చేరాక, ఆరోపణలు లేవని ప్రమాణం చేసిన మనిషే హింసించాడని మరో ప్రమాణం ఎలా చేసింది అని అధికారి అడుగుతాడు. సబబైన ప్రశ్నే అది. దానికి అమ్మాయి దగ్గర జవాబుండదు.

ఇంకో రకం వాక్యం అంతకంటే ప్రమాదం: "వివాహమైన నాటి నుంచి ఉభయులు దాంపత్య జీవితం గడపలేదు." విడాకులు సులువవుతాయని రాస్తారు. ఐ-751 నిలబడేదే నిజమైన కాపురం మీద. ఆ ఒక్క లైనుతో కాపురం అబద్ధమని మనమే రాసిచ్చినట్టవుతుంది.

ఏం మార్చాలో చెప్తాం. ఆరోపణలు లేవన్న వాక్యం తీసేసి, "ఉభయులు తమ తమ వాదనలను వదులుకోకుండా, ఈ పిటిషన్ మేరకు వివాహ రద్దుకు అంగీకరిస్తున్నారు" అన్న అర్థం వచ్చేలా రాయించండి. కేసు వెనక్కి తీసుకోవడం ఒప్పందంలో భాగమైతే రాజీ కారణంగా అని రాయాలి, తప్పుడు ఫిర్యాదు అని ఒప్పుకోకూడదు. కలిసి కాపురం చేసిన తేదీలు, విడిపోయిన తేదీ అమెరికా దరఖాస్తులో ఉన్నవే ఇక్కడా ఉండాలి. 13బికి విడిగా ఉండి కనీసం ఏడాది కావాలి కాబట్టి కొందరు విడిపోయిన తేదీని వెనక్కి జరుపుతారు. అది ఇక్కడా అబద్ధ ప్రమాణమే, అక్కడ దరఖాస్తును ముంచేదీ అదే.

గుంటూరులోనో విజయవాడలోనో పోలీసు స్టేషన్లో రాసే ఫిర్యాదుకూ ఇదే జాగ్రత్త. రైటరు చేతికి వదిలేస్తే కట్నం, అత్తమామలు, ఆడపడుచు అంటూ అచ్చు పోసినట్టు ఒకే కథ రాస్తాడు. జరగనిది ఒక్కటి చేరినా వద్దనండి. 2024 జూలై 1కి ముందు జరిగినవి పాత ఐపీసీ 498ఎ కింద, తర్వాతివి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద వస్తాయి. అమెరికాలో జరిగింది కదా, ఇక్కడ తీసుకోం అంటే, పుట్టింట్లో తలదాచుకున్న చోట కూడా ఫిర్యాదు చేయొచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పింది, ఆ మాట గుర్తు చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకుండా ఇంటికి రావద్దు.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురం. సంక్రాంతికని అల్లుడు అమ్మాయిని తీసుకొచ్చి వదిలేసి, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు పట్టుకుని వెళ్లిపోయాడు. ఏడు నెలలైంది. పెద్దలతో మాట్లాడిస్తున్నాం.

జవాబు: మాటలు సాగుతున్నా గడియారం ఆగదమ్మా. గ్రీన్ కార్డు ఉన్నవారు ఏడాదికి మించి బయట ఉంటే మామూలు పద్ధతిలో తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆరు నెలలు దాటాక వెళ్లినా విమానాశ్రయంలో ఎందుకు ఆగారని గట్టిగా అడుగుతారు. ఎక్కువకాలం బయట ఉండేందుకు ఇచ్చే రీఎంట్రీ పర్మిట్ తీసుకోమని ఎవరైనా అంటే నమ్మొద్దు, దానికి దరఖాస్తు అమెరికాలో ఉండగానే వేయాలి. మీకు మిగిలింది అయిదు నెలలు.

ఈ వారమే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. పాస్‌పోర్టు, కార్డు "పోయాయి" అని రాయొద్దు. భర్త పట్టుకెళ్లాడు, అడిగినా ఇవ్వడం లేదు అని జరిగింది జరిగినట్టు రాయండి. ఆమె ఇక్కడ తన ఇష్టంతో ఉండిపోలేదనడానికి అదే తొలి సాక్ష్యం, ఆ ఫిర్యాదు తేదీ ఎంత ముందుంటే అంత బలం. "కార్డు పంపించు, టికెట్ తీసుకుంటాను" అని అల్లుడికి మెసేజ్ కూడా పెట్టించండి. జవాబు ఇవ్వకపోయినా ఆ మెసేజ్ పనికొస్తుంది. తర్వాత ఫిర్యాదు కాపీతో విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి.

కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఐ-131ఎ. గ్రీన్ కార్డు చేతిలో లేనివారిని విమానం ఎక్కనిచ్చే పత్రం కోసం వేసే దరఖాస్తు ఇది. ఫీజు 575 డాలర్లు, ముందు ఆన్‌లైన్‌లో కట్టి, ఆ రసీదుతో హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఆ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది. కార్డు ఫొటో ఏదైనా పాత ఫోన్లోనో, మెయిల్లోనో ఉందేమో వెతకండి. ముఖ్యంగా కావాల్సింది "ఎ" అక్షరంతో మొదలయ్యే ఎలియన్ నంబరు. పాత పాస్‌పోర్టు జిరాక్సులో వీసా పేజీ ఉన్నా అందులో దొరుకుతుంది. ఏడాది దాటిపోతే ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా ఒక్కటే మిగులుతుంది. ఆగిపోవడం తన చేతిలో లేని కారణం వల్లేనని కాన్సులేట్‌ను ఒప్పించాలి. అది ఎక్కడం కష్టమైన మెట్టు.

కార్డు గడువు కూడా ఈలోపే తీరేటట్టుంటే అమెరికా ఇమిగ్రేషన్ లాయరుతో ఐ-751 సంగతి ఇప్పుడే మాట్లాడండి. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల వీసా కన్సల్టెన్సీ బోర్డులు చాలా ఉన్నాయి. ఈ దరఖాస్తులో మీ తరఫున నిలబడే అర్హత అమెరికాలో లైసెన్సున్న లాయరుకో, అక్కడి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధికో మాత్రమే ఉంటుంది. మీ తరఫు ప్రతినిధినని ఇమిగ్రేషన్ శాఖకు తెలిపే జి-28 ఫారం మీద సంతకం పెట్టగలరా అని అడగండి, తెలిసిపోతుంది.

గృహహింస చట్టం, 2005 కింద మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేస్తే, స్త్రీధనంతో పాటు ఆమె విలువైన పత్రాలు తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశించగలదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటే వేయొచ్చు. లాయరు ఖర్చుకు జంకొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. మహిళా హెల్ప్‌లైన్ 181. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి.

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురం. మా చెల్లి మా దగ్గరే ఉంది. బావగారు అమెరికా కోర్టులో విడాకులు వేసి ఇక్కడికి సమన్లు పంపారు. పట్టించుకోకపోతే చెల్లదని మా లాయరు అంటున్నారు.

జవాబు: సగం నిజం. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో భర్త తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో వై.నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీని మన కోర్టులు గుర్తించవు. ఆమె స్వచ్ఛందంగా హాజరై మన చట్టంలో ఉన్న కారణం మీదే వాదించినా, విడాకులకు ఒప్పుకున్నా లెక్క మారుతుంది.

కానీ అమెరికాలో ఆ డిక్రీ చెల్లుతుంది. మీరు మౌనంగా ఉంటే ఆస్తి, భరణం, పిల్లల సంరక్షణ అన్నీ ఆయన అడిగినట్టే ఎక్స్‌పార్టీగా, అంటే ఒకవైపు వాదనే విని, తేలిపోతాయి. చెల్లి అక్కడికి తిరిగి వెళ్లాలనుకుంటే ఆ డిక్రీలో రాసిన మాటలు కూడా ఇమిగ్రేషన్ ఫైల్లోకి వెళ్తాయి. సమన్లలో జవాబు గడువు ఉంటుంది, రాష్ట్రాన్ని బట్టి 20, 30 రోజులే ఉండొచ్చు. ఆలోగా ఆ రాష్ట్రపు లాయరును పెట్టుకుని, కోర్టు అధికార పరిధిపై అభ్యంతరం ముందు చెప్పాలా, వాదనలోకి దిగాలా తేల్చుకోండి. చెల్లి ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే అమెరికా డిక్రీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. భార్య తానున్న చోటే పిటిషన్ వేయొచ్చని 2003 నుంచి చట్టంలో ఉంది, గుంటూరు ఫ్యామిలీ కోర్టులో వేయండి.

ప్రశ్న: విజయవాడ భవానీపురం. మా అక్కది హెచ్-4. ఆమెకూ ఇవే నిబంధనలా?

జవాబు: కావు. హెచ్-4 అనే డిపెండెంట్ వీసా భర్త హెచ్-1బి ఉద్యోగ వీసాను అంటిపెట్టుకున్నది. విడాకుల డిక్రీ వచ్చిన రోజున అదీ పోతుంది. డిక్రీకి ముందే హోదా మార్పు కోరే ఐ-539 ఫారంతో విద్యార్థి వీసాకో మరోదానికో మారాలి. హింసకు గురైన హెచ్-4 భార్యలు ఐ-765వి ఫారంతో వర్క్ పర్మిట్ అడగొచ్చు. దాడి నేరంగా నమోదై, పోలీసులు ధ్రువీకరణ ఇస్తే నేర బాధితులకిచ్చే యు వీసా అనే దారి కూడా ఉంది.

బావగారి ఉద్యోగం ద్వారా ఇద్దరికీ గ్రీన్ కార్డు ఇప్పటికే వచ్చి ఉంటే మాత్రం అక్కకు భయం లేదు. అది షరతు లేని కార్డు, తర్వాత విడాకులైనా పోదు. రాకముందే విడాకులైతే ఆమె వాటా పోతుంది. ఆయన అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయ్యుండి ఆమెకు ఏ కార్డూ రాకపోతే భర్తతో పని లేకుండా గ్రీన్ కార్డు కోసం తానే వేసుకునే ఐ-360 సొంత పిటిషన్ ఉంది. హింస కారణంగా విడాకులైతే డిక్రీ నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ప్రశ్న: విజయవాడ మొగల్రాజపురం. మనవడు అక్కడే పుట్టాడు. బాబుని తీసుకుని వచ్చేయమని అమ్మాయికి చెబుతున్నాం.

జవాబు: చెప్పొద్దు. తండ్రి అనుమతి లేకుండా, కోర్టు ఉత్తర్వు లేకుండా తెస్తే అక్కడ ఆమె మీద కిడ్నాప్ కేసు నమోదయ్యే అవకాశం ఉంది. అది ఐ-751ని, బాబు సంరక్షణను రెంటినీ దెబ్బతీస్తుంది. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో భారత్ సభ్యదేశం కాదు కాబట్టి ఇక్కడ ఏమీ కాదని కొందరు ధైర్యం చెబుతారు. వాళ్లు ఆమె తిరిగి వెళ్లే రోజు గురించి ఆలోచించరు. ఆమె ఉన్న కౌంటీ కోర్టులో ప్రొటెక్టివ్ ఆర్డర్ (రక్షణ ఉత్తర్వు) అడిగి, అందులోనే బాబు తాత్కాలిక సంరక్షణ, ప్రయాణ అనుమతి కోరమనండి. ఆ ఉత్తర్వు హింసకు రుజువుగా కూడా ఐ-751లో జత చేయొచ్చు.

ప్రశ్న: గుంటూరు కొత్తపేట. హింస మినహాయింపు కింద మా అమ్మాయికి పదేళ్ల కార్డు వచ్చింది, విడాకులూ అయ్యాయి. పౌరసత్వానికి అయిదేళ్లు ఆగాలా? అల్లుడు స్పాన్సర్‌గా రాసిచ్చిన కాగితం ఇంకా చెల్లుతుందా?

జవాబు: అమెరికా పౌరుడైన భర్త హింస కారణంగా మినహాయింపు పొందినవారు మూడేళ్లకే పౌరసత్వం అడగొచ్చు. మామూలుగా ఆ మూడేళ్లూ భర్తతో కలిసి ఉండాలి, ఆ షరతు వీరికి లేదు. షరతు కార్డు మీద ఉన్న రెండేళ్లూ లెక్కలోకి వస్తాయి. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అన్నచోట ఉన్న తేదీ నుంచి మూడేళ్లు లెక్కపెట్టండి, దానికి 90 రోజుల ముందే పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేయొచ్చు. కేవలం విడాకుల మినహాయింపుతో వచ్చినవారు అదే తేదీ నుంచి అయిదేళ్లు ఆగాలి.

అల్లుడు సంతకం చేసిన స్పాన్సర్ కాగితం, ఐ-864, విడాకులతో రద్దు కాదు. పేదరిక రేఖకు 125 శాతం మేరకు ఆమెను పోషిస్తానని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన హామీ అది, ఆమె దాని మీద కోర్టుకు వెళ్లొచ్చు. ఆమె పౌరురాలైనా, 40 త్రైమాసికాల పని లెక్కలో జమైనా, రెసిడెంట్ హోదా వదులుకుని దేశం విడిచినా, ఇద్దరిలో ఒకరు మరణించినా ముగుస్తుంది. కాపీ ఆమె దగ్గర లేకపోతే తన ఇమిగ్రేషన్ ఫైలు మొత్తం అమెరికా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుతో ఆన్‌లైన్‌లో తెప్పించుకోమనండి.